వీపుతో చూడొచ్చా? నడుముకు ఉత్తరం తెలుస్తుందా?

సోల్డరింగ్ పొగ
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. మా అక్కకు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. మొదట చీకట్లో కనిపించడం మానేసింది, తర్వాత పక్కచూపు పోయింది. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది. ఆ కాస్త కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు.

నాది ఎలక్ట్రానిక్స్ పని. ఈమధ్య ఒక వీడియో చూశాను. వైబ్రేషన్ మోటార్లు కుట్టిన చొక్కా వేసుకుని, మాటల్ని ఒంటి మీద కంపనాలుగా పట్టుకోవచ్చని ఒకాయన చెబుతున్నాడు. ఇంకోచోట నాలుక మీద పెట్టుకుని ‘చూసే’ పరికరం ఉందన్నారు. నాకు తెలిసిన మోటార్లే, తెలిసిన కెమెరాలే. అక్కకు ఒకటి తయారుచేసి ఇద్దామని ఉంది. నిజంగా ఇది పనిచేస్తుందా, లేక వీడియోల కోసమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? అక్కకు ఇంకా చెప్పలేదు.

నాడీకణం
పనిచేస్తుంది. కాకపోతే ‘పనిచేయడం’ అంటే ఏమిటన్న దగ్గరే అసలు పేచీ. కాస్త పాత కథ చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది.

1969లో పాల్ బాకీరీటా అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయన బృందం ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. పాత డెంటిస్టు కుర్చీ ఒకటి తీసుకుని, వీపు ఆనే చోట 400 కంపించే మొనలు బిగించారు. 20 వరసలు, వరసకు 20. ఒక టీవీ కెమెరా చూసిన దృశ్యాన్ని ఆ మొనల మీదికి పంపారు. వెలుగున్న చోట మొన కదులుతుంది, చీకటి చోట ఊరుకుంటుంది. అంధులు ఆ కుర్చీలో కూర్చుని కొన్ని గంటల శిక్షణ తర్వాత టెలిఫోను, కప్పు, కుర్చీ లాంటి వస్తువుల్ని గుర్తుపట్టారు. ఇంకా అలవాటయ్యాక ల్యాబులో పనిచేసేవాళ్లలో ఎవరు ఎదురుగా ఉన్నారో, కళ్లజోడు పెట్టుకున్నారో లేదో కూడా చెప్పగలిగారు.

దీన్నే సెన్సరీ సబ్‌స్టిట్యూషన్ అంటారు. ఒక ఇంద్రియం తేవాల్సిన సమాచారాన్ని ఇంకో ఇంద్రియం దారిలో మెదడుకు పంపడం.

బెత్తెడు
వీపు మీద 400 మొనలు ఒకేసారి వణికితే చక్కిలిగింతలు తప్ప ఇంకేం తెలుస్తుంది? 😄

నాడీకణం
నవ్వులాటకి అడిగినా మంచి ప్రశ్నే. మొదట్లో వాళ్లకూ అంతే తెలిసింది: వీపు మీద ఏదో గీకుతోంది, అంతే. కెమెరాను ఇంకెవరో తిప్పుతుంటే అది వీపు మీద గీకుడుగానే మిగిలిపోయింది. కెమెరాను తామే చేత్తో అటూ ఇటూ తిప్పుకునే వీలు ఇచ్చాక కథ మారింది. వస్తువు వీపు మీద కాదు, ఎదురుగా ఎక్కడో ఉన్నట్టు అనిపించడం మొదలైంది.

ఒకసారి కుర్చీలో ఉన్న మనిషికి తెలియకుండా కెమెరా లెన్సును జూమ్ చేశారు. వీపు మీద బొమ్మ ఒక్కసారిగా పెద్దదైంది. ఆయన చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి వాలాడు. గమనించండి, కంపనం వచ్చింది వెనకనుంచి. అయినా తప్పించుకోబోయింది ముందునుంచి వచ్చేదాన్ని!

సోల్డరింగ్ పొగ గారూ, ఏది తయారుచేసినా కెమెరా వాడే మనిషి చేతిలోనో తల మీదో ఉండాలి. గోడకు బిగించిన కెమెరాతో ఏ శిక్షణా పనికిరాదు.

తెల్లకర్ర
నేను పుట్టుకతోనే అంధుణ్ణి. స్క్రీన్ రీడర్‌తో ఈ చర్చ చదువుతున్నాను. ‘అక్కకు ఇంకా చెప్పలేదు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను తమ్ముడూ.

నా బీరువాలో ఇలాంటివి మూడున్నాయి. బెల్టు ఒకటి, టోపీ ఒకటి, ప్రతిధ్వనితో అడ్డంకిని పట్టే, చేతికి కట్టుకునే సోనార్ ఒకటి. మూడూ ప్రేమగా ఇచ్చినవే. ఇచ్చినవాళ్లు ఫొటో తీసుకున్నారు, వెళ్లారు. ఒక్కరూ ముందు ‘నీకు రోజులో ఎక్కడ ఇబ్బంది?’ అని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి: గోడ ఎక్కడుందో కర్ర చెబుతుంది. కర్రకు అందనిది తలకు తగిలే కొమ్మ, తెరిచి ఉన్న కిటికీ రెక్క. అదీ కాకపోతే పెద్ద ఖాళీ హాల్లో దిక్కు తప్పడం.

ఇంకోటి. ఇంద్రియాన్ని సాగదీసే పరికరం కొత్తదేం కాదు. నా కర్రే అది. కర్ర మొన నేలను తాకినప్పుడు నాకు అరచేతిలో ఏమీ తెలియదు. నేల తెలుస్తుంది, మొన దగ్గర. 1637లోనే డెకార్ట్ అనే తత్వవేత్త, కర్ర వాడే అంధులు చేతులతో చూస్తున్నారనే దాదాపు చెప్పవచ్చని రాశాడు. బ్యాటరీ అయిపోదు, అప్‌డేట్ అడగదు, కింద పడితే పగలదు.

సోల్డరింగ్ పొగ
మీరు అన్నది సూటిగా తగిలింది. ఇవాళ రాత్రి అక్కతో మాట్లాడతాను.

చెవిలో జోరీగ
నాకు 30 ఏళ్లు దాటాక చూపు పోయింది. కాబట్టి చూడటం ఎలా ఉంటుందో గుర్తుంది, ఈ పరికరాలూ వాడాను. రెండూ తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

నేను వాడింది చెవితో చూసేది, ‘ద వాయిస్’. డచ్ ఇంజినీరు పీటర్ మైయెర్ 1992లో ప్రచురించిన పద్ధతి. ఇంగ్లిష్‌లో vOICe అని రాసే ఆ పేరు మధ్యలోని మూడు అక్షరాలను విడిగా చదివితే ‘ఓ, ఐ సీ’ అని వస్తుంది, అదో చమత్కారం. ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. కెమెరా దృశ్యాన్ని సెకనుకోసారి ఎడమ నుంచి కుడికి ఊడుస్తుంది. పైన ఉన్నదానికి సన్నని స్వరం, కింద ఉన్నదానికి బొంగురు స్వరం. వెలుగు ఎక్కువైతే శబ్దం పెద్దది. అంటే ఎడమ కింది మూలనుంచి కుడి పైమూలకు ఒక తెల్లగీత ఉంటే ‘ఊఊఈఈ’ అని ఎక్కుతూ పోయే కూత వినిపిస్తుంది.

మొదటి వారం అది శబ్దాల జాతర. ఏ స్టేషనూ తగలని రేడియో అనుకోండి. తలనొప్పి. రెండో నెలలో ఒక మధ్యాహ్నం మెట్ల పక్క ఊచల ముందు నిలబడితే టక్ టక్ టక్ టక్ అని సమానంగా వినిపించింది. తల కొంచెం తిప్పాను, టకటకలు జరిగాయి. మళ్లీ తిప్పాను, వెనక్కి వచ్చాయి. ఆ క్షణం అది శబ్దం కాదు, ఊచలే. ఏడ్చేశాను, దాచుకోను.

మరి రోజూ వాడుతున్నానా? లేదు. రోడ్డు మీద నా చెవులు నాకు కావాలి. వెనకనుంచి వచ్చే బండిని, ఎదురుగా ఉన్న గోడనుంచి తిరిగొచ్చే నా అడుగుల చప్పుడును వినేది ఆ చెవులే. వాటిని కూతలతో నింపేస్తే ఉన్నదీ పోతుంది. చెవి మూయకుండా ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ కండక్షన్ హెడ్‌సెట్ కొంత నయం, అంతే. ఇంట్లో కూర్చుని కిటికీ బయట చెట్టును ‘వినడానికి’ అప్పుడప్పుడు పెట్టుకుంటాను. అది అవసరం కాదు, ఇష్టం.

అనుమానం పక్షి
ఊచల కథ బాగుంది, కాదనను. కానీ 1969 నుంచి ఇప్పటికి ఎన్నేళ్లయింది? మెదడు ఏ తీగ గుచ్చినా నేర్చేసుకునే మాయపెట్టె అయితే ఈపాటికి తెల్లకర్రలు మ్యూజియంలో ఉండాలి కదా!

చర్మం పరిమితులు చూడండి. వేలి కొన మీద రెండు మిల్లీమీటర్ల దూరంలో రెండు పిన్నులు గుచ్చితే రెండని తెలుస్తుంది. వీపు మీద అవి దాదాపు నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉంటే గానీ రెండని తెలియదు. ఆ కుర్చీలో మొనల మధ్య దూరం 12 మిల్లీమీటర్లేనట. అంటే 400 మొనల్లో చాలావాటిని చర్మం విడివిడిగా పోల్చుకోనేలేదు. వేగం సంగతీ అంతే. కంపనం సెకనుకు 250 సార్ల దగ్గర చర్మానికి బాగా తెలుస్తుంది, 1000 దాటితే దాదాపు ఏమీ తెలియదు. చెవి 20,000 దాకా వెళ్తుంది. ఏరును సన్న గొట్టంలోకి తోస్తే ఎంత నీరు పోతుందో అంతే పోతుంది.

నాడీకణం
12 మిల్లీమీటర్ల లెక్క నిజమే. కానీ రెండు మిల్లీమీటర్లు, నాలుగు సెంటీమీటర్లు అన్నవి కదలకుండా గుచ్చిన పిన్నుల కొలతలు. కెమెరా కదిలితే అంచు వీపు మీద పాకుతుంది. పాకే అంచును చర్మం అంతకన్నా చాలా సన్నగా పట్టుకుంటుంది. వేలు ఆనించి ఉంచితే బట్ట నేత తెలియదు, జరిపితే తెలుస్తుంది, అలాగన్నమాట.

సన్న గొట్టం బాధ ఆ బృందానికీ తెలుసు. అందుకే వీపునుంచి నాలుకకు మారారు. నాలుక ఎప్పుడూ తడిగా ఉంటుంది, నరాలు దట్టంగా ఉంటాయి, కాబట్టి చాలా తక్కువ కరెంటు చాలు. బ్రెయిన్‌పోర్ట్ అనే పరికరంలో తపాలా బిళ్లంత ముక్క మీద దాదాపు 400 ఎలక్ట్రోడ్లు. 2015లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, అదీ కర్రకు తోడుగా వాడమనే గానీ కర్రకు బదులుగా కాదు. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడటం కుదరదు, అదో చికాకు.

నాకు వాళ్ల పనిలో అన్నిటికన్నా నచ్చింది చూపు గురించి కాదు. కుష్ఠు వ్యాధివల్ల వేళ్లలో స్పర్శ పోయినవాళ్లకు ఒక గ్లవ్ చేశారు. వేలి కొనల దగ్గర సెన్సర్లు. అవి పట్టిన ఒత్తిడిని నుదుటి మీదికి పంపారు, అక్కడ చర్మం బాగానే ఉంది కాబట్టి. కాసేపటికి వాళ్లకు స్పర్శ నుదుటి మీద కాక వేలి కొనలో ఉన్నట్టే అనిపించింది.

అనుమానం పక్షి
పాకే అంచు సంగతి ఒప్పుకుంటున్నాను. గ్లవ్ సంగతి నాకు తెలియదు, బాగుంది. కానీ నా అసలు వాదన వేరు. దీన్ని ‘చూపు’ అనడమే తప్పు. ఇది చదువు లాంటిది. అక్షరం నల్ల గీత. నేర్చుకున్నాక గీత కనపడటం మానేసి మాట వినిపిస్తుంది. అలాగని కంటితో ‘వింటున్నాం’ అనం. జోరీగ గారి కూతలూ అంతే, ప్రపంచాన్ని ఒక కొత్త లిపిలో చదువుతున్నారు. చదువు గొప్పదే. కానీ చదవడానికి దృష్టి పెట్టాలి, అలసట వస్తుంది. చూడటానికి అలసట రాదు. ఈ తేడాను వీడియోలు దాచేస్తాయి.

చెవిలో జోరీగ
పక్షి గారూ, ఇది ఒప్పుకుంటాను. 40 నిమిషాలు దాటితే నాకు అలసటే. ఊచల క్షణం మాత్రం చదువు కాదు. మిగతాదంతా చదువే.

తెల్లకర్ర
లిపి మాట వచ్చింది కాబట్టి ఆప్టకాన్ గురించి చెప్పాలి. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ లిన్‌విల్ అనే ప్రొఫెసర్ తన అంధురాలైన కూతురు కోసం మొదలుపెట్టిన యంత్రం. 1971లో మార్కెట్లోకి వచ్చింది. కుడిచేత్తో చిన్న కెమెరాను అచ్చు పుస్తకం వరస మీద నడిపితే, ఎడమ చూపుడువేలి కింద 144 పిన్నులు అక్షరం ఆకారంలో వణుకుతాయి. బ్రెయిలీ కాదు, అచ్చు అక్షరం ఆకారమే!

మా టీచర్ ఒకావిడ దాన్ని వాడేవారు. స్కానర్లు, మాట్లాడే కంప్యూటర్లు వచ్చాక కూడా వదల్లేదు. ‘కంప్యూటర్ నాకు పేజీలో ఏం రాసుందో చెబుతుంది. ఇది పేజీ ఎలా ఉందో చెబుతుంది’ అనేవారు. ఎక్కడ ఖాళీ వదిలారో, ఏ గీత అడ్డంగా గీశారో, కింద ఎవరు సంతకం పెట్టారో. 1996లో తయారీ ఆపేశారు. తర్వాత ఆవిడ యంత్రం పాడైతే బాగుచేసే దిక్కు లేకపోయింది. ఆవిడ ఆ రోజు మాట్లాడిన తీరు నాకు గుర్తుంది, ఒక వేలు తెగిపోయినట్టే మాట్లాడారు.

ఇదీ ఆలోచించండి. ఒక ఇంద్రియాన్ని కంపెనీ చేతిలో పెడితే, కంపెనీ మూసేసిన రోజు ఆ ఇంద్రియం మూతపడుతుంది. కంటి రెటీనాలో చిప్పు పెట్టించుకున్నవాళ్లకూ ఇదే జరిగింది. కంపెనీ ఆ వ్యాపారం వదిలేసింది, చిప్పు కంట్లోనే ఉండిపోయింది. చొక్కా అయితే విప్పేస్తాం.

బెత్తెడు
నాడీకణం గారూ, ఇదంతా మెదడులో ఎక్కడ జరుగుతుంది? చెవి శబ్దం చెవి భాగానికే పోతుందా, కంటి భాగానికి పోతుందా?

నాడీకణం
ఇది నా ఇష్టమైన సంగతి, కాస్త ఓపిక పట్టండి.

1996లో సడాటో బృందం, అంధులు వేళ్లతో బ్రెయిలీ చదువుతుంటే మెదడు వెనక భాగం, అంటే చూపుకోసం ఉందనుకునే విజువల్ కార్టెక్స్, పనిచేస్తోందని స్కాన్‌లో చూపించింది. మంచిదే, కానీ వెలిగినంత మాత్రాన అది పనికొస్తున్నట్టేనా? ఊరికే వెలుగుతోందేమో?

దీనికి జవాబు ఒక దురదృష్టంలోంచి వచ్చింది. పుట్టుకతో అంధురాలైన ఒక 63 ఏళ్ల మహిళ, బ్రెయిలీ బాగా వేగంగా చదవగలదు. ఆమెకు మెదడులో స్ట్రోక్ వచ్చి రెండువైపులా ఆ వెనక భాగమే దెబ్బతింది. తర్వాత చుక్కలు వేలికి తగులుతున్నాయని తెలుస్తోంది, వస్తువుల్ని తడిమి గుర్తుపట్టగలుగుతోంది, కానీ బ్రెయిలీ చదవలేకపోయింది. 2000లో ఈ కేసు ప్రచురించారు. పుట్టినప్పటినుంచి ఒక్క వెలుగు కిరణం చూడని మనిషికి ‘చూపు’ భాగం దెబ్బతింటే చదువు పోయింది!

అదే ఏడాది ఎమ్ఐటీలో మృగాంక సూర్ బృందం, అప్పుడే పుట్టిన ఫెర్రెట్ (ముంగిసలాంటి జంతువు) పిల్లల్లో కంటి నరాలను వినికిడి భాగంవైపు మళ్లించి పెంచారు. ఆ భాగం చూపు భాగం లాగే అమరుకుంది. నోటితో టక్కుమని చప్పుడు చేసి ప్రతిధ్వనితో దారి తెలుసుకునే అంధుల మీద 2011లో వచ్చిన పరిశోధనలోనూ, ప్రతిధ్వని విన్నప్పుడు పనిచేసింది చూపు భాగమే.

అనుమానం పక్షి
ఖాళీగా ఉన్న గదిని ఇంట్లోవాళ్లు ఇంకో పనికి వాడుకున్నారు. గది గోడ మీద ‘చూపు’ అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపల జరిగేది చూపు కాదు.

నాడీకణం
ఒప్పుకుంటాను. ఆ పోలిక నేను దొంగిలించి వాడుకుంటాను.

ఓటీ బీప్
మీరంతా అంధుల గురించే మాట్లాడుతున్నారు. నేను ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. నేను రోజూ రోగి రక్తంలోని ఆక్సిజన్‌ను ‘వింటాను’.

పల్స్ ఆక్సీమీటర్ బీప్ తెలుసు కదా. బీప్ వేగం గుండె వేగం, అది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది, బీప్ స్వరం ఆక్సిజన్‌ను బట్టి మారుతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ స్వరం దిగుతుంది. నేను స్క్రీన్‌కు వీపు పెట్టి మందు ఎక్కిస్తూ ఉంటాను, స్వరం ఒక్క మెట్టు దిగితే చెయ్యి ఆగిపోతుంది. ఆలోచన తర్వాత వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు అది వినపడదు, బీప్ అంతే. ఏడాది తర్వాత వాళ్లూ మాట మధ్యలో తల తిప్పుతారు. ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. ఆ ధ్వని పడని రోజు నాకు ఒక చెవి మూసినట్టే ఉంటుంది.

రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో మనకు తెలిసేలా చెప్పే ఇంద్రియం ఏ మనిషికీ లేదు, పక్కవాడి రక్తంలోది అసలే లేదు. అయినా నాకుంది. రేడియేషన్‌ను టిక్ టిక్ అని వినిపించే గైగర్ కౌంటర్ కూడా ఈ కోవలోదే. మరి ఇవి ఎందుకు నిలబడ్డాయి, నాలుక పరికరం ఎందుకు నిలబడలేదు అని ఆలోచించాను. ఇవి ఒకే ఒక్క సంగతి చెబుతాయి. ప్రపంచం మొత్తాన్ని చెవిలో పోయవు.

అనుమానం పక్షి
బీప్ గారూ, ఈ చర్చలో నన్ను కదిలించిన మొదటి వాదన మీదే.

బెత్తెడు
తలకు యాంటెనా పెట్టించుకున్న ఆయన సంగతో? పాస్‌పోర్ట్ ఫొటోలో కూడా యాంటెనాతోనే ఉంటాడట. సైబోర్గ్, అంటే యంత్రం కలిసిన మనిషి! మనమూ అతినీలలోహితం వినాలి కదా 🔥

నాడీకణం
నీల్ హార్బిసన్. ఆయనకు రంగులే కనపడవు, అంతా బూడిద రంగు. 2004 నుంచి రంగుల్ని స్వరాలుగా వింటున్నాడు, ఇప్పుడు పుర్రె ఎముక ద్వారా. ఆయన సంగతిలోనూ చివరికి తేలేది రోజూ వాడటమే. గంటలు లెక్కపెట్టి కాదు, ఏళ్ల తరబడి.

మోడరేటర్
సైబోర్గ్‌లు మనుషులా కాదా అన్న 14 పోస్టులను వేరే చర్చకు మార్చాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పరికరాల గురించే.

సోల్డరింగ్ పొగ
అక్కతో మాట్లాడాను. కాస్త కోప్పడింది, తర్వాత నవ్వింది. కెమెరా వద్దంది. ‘మిగిలిన చూపుతో ఎలాగోలా నెట్టుకొస్తున్నా, నా నోట్లో తీగలు పెట్టకు’ అంది. తెల్లకర్ర గారు అడగమన్న ప్రశ్న అడిగాను. జవాబు ఆయన చెప్పినదే! పెద్ద హాల్లో నడుస్తూ ఎవరైనా పలకరిస్తే ఆగి మాట్లాడుతుంది, మాట్లాడటం అయ్యేసరికి తను ఎటు తిరిగి ఉందో తెలియదు. వచ్చిన తలుపు ఎటుందో తెలియదు.

వెతికితే జర్మనీలో ఓస్నాబ్రూక్ విశ్వవిద్యాలయంవాళ్లు చేసిన బెల్టు దొరికింది. పీటర్ కోనిగ్ బృందం, 2005లో ప్రచురించారు. నడుము చుట్టూ మోటార్లు, ఉత్తరంవైపు ఉన్న మోటారు ఒక్కటే ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. ఆరు వారాలు కట్టుకుని తిరిగినవాళ్లలో కొందరికి నడుము వణుకు మరుగున పడి ‘దిక్కు’ తెలియడం మొదలైందట. అందరికీ కాదు. బీప్ గారన్నట్టు ఒకే ఒక్క సంగతి చెప్పే పరికరం. ముందు నేను కట్టుకుని చూస్తాను. ఎనిమిది మోటార్లు, దిక్సూచిలా పనిచేసే ఒక మాగ్నెటోమీటర్, వాటిని నడిపే చిన్న కంప్యూటర్ చిప్పు, అంటే ఒక మైక్రోకంట్రోలర్. ఎవరైనా చేశారా?

పాత బ్యాటరీ
చేశాను, రెండు కాల్చాను. నా తప్పులు నీకు పనికొస్తాయి.

మోటారును నేరుగా మైక్రోకంట్రోలర్ పిన్నుకు తగిలించకు, అంత కరెంటు అది ఇవ్వలేదు. మధ్యలో ట్రాన్సిస్టర్, మోటారుకు అడ్డంగా డయోడ్ పెట్టు. ఫోన్లలో వాడే నాణెం మోటార్లు చాలు, కానీ అవి తిరగడం మొదలై వేగం అందుకోవడానికి సెకనులో పదో వంతు దాకా పట్టొచ్చు. గబుక్కున తిరిగితే వెనకబడతాయి.

మాగ్నెటోమీటర్‌ను మోటార్లకు దూరంగా ఉంచు. మోటార్లో అయస్కాంతం ఉంటుంది, నీ ఉత్తరం నీ బొడ్డు దగ్గరే తేలుతుంది. నేను మూడు రోజులు అదే ఉత్తరం అనుకుని తిరిగా. వంగితే రీడింగ్ మారుతుంది, అందుకని వంపును కొలిచే యాక్సిలరోమీటర్‌తో సరిచేసుకో.

ఆపకుండా వణికించకు. కాసేపటికి చర్మం మొద్దుబారుతుంది. చిన్న చిన్న పోట్లుగా ఇవ్వు. నడుములో బొడ్డు దగ్గర, వెన్నెముక దగ్గర చోటు బాగా పట్టుబడుతుంది, పక్కల్లో కాస్త గజిబిజి. ఎనిమిదికి మించి పెట్టినా తొలిసారికి లాభం లేదు.

సోల్డరింగ్ పొగ
మూడు వారాల రిపోర్టు. రోజుకు పది గంటలు కట్టుకున్నాను.

మొదటి నాలుగు రోజులు జేబులో ఫోన్ మోగుతోందని తడుముకోవడమే సరిపోయింది. రెండో వారంలో ఒక వింత. బండిలో వెనక సీట్లో కూర్చుని వెళ్తుంటే రోడ్డు మెల్లగా వంపు తిరిగింది. కంటికి అది నేరుగా ఉన్నట్టే ఉంది, కానీ వణుకు కుడి డొక్కనుంచి మెల్లగా ముందుకు పాకింది. ఈ రోడ్డు మీద పదేళ్లుగా తిరుగుతున్నాను, ఇంత తిరిగి ఉందని తెలియదు. మూడో వారంలో నేను వెళ్లే చోట్లన్నీ ఒకదానితో ఒకటి అతుక్కున్నట్టు అనిపించింది. పనిచేసే టేబుల్ దగ్గర కూర్చుంటే ఇల్లు ఎడమ భుజం వెనక ఉందని ఊరికే తెలుస్తోంది. బెల్టు విప్పిన రాత్రి నడుము మీద ఉత్తుత్తి వణుకు.

అనుమానం పక్షి
సంతోషం. కానీ తెలిసి కట్టుకున్నవాడికి తెలియడంలో వింతేముంది? అక్క చేత నీకు చెప్పకుండా ఏదో ఒక రోజు ప్రోగ్రాంలో ఉత్తరాన్ని 90 డిగ్రీలు పక్కకు జరిపించు. ఎప్పుడు కనిపెడతావో రాయి.

సోల్డరింగ్ పొగ
పక్షి గారి పరీక్ష అయింది. అక్కకు ప్రోగ్రాం రాదు కాబట్టి ఒక చిన్న స్విచ్ పెట్టి ఇచ్చాను. ఎప్పుడు నొక్కిందో చెప్పలేదు.

ఇంట్లో, పనిచేసే చోట వెంటనే తెలిసింది. గది వంకరగా ఉన్నట్టు, ఒళ్లు తూలినట్టు చికాకు. మొదటిసారి వెళ్లిన చోట మాత్రం అస్సలు తెలియలేదు. పూర్తిగా నమ్మేశాను, పడమరవైపు నడుస్తూ ఉత్తరం వెళ్తున్నాననుకున్నాను. కాబట్టి నాకు కొత్త ఇంద్రియం వచ్చిందని చెప్పను. తెలిసిన చోట్ల మీద బెల్టు ఒక గీత గీసింది, ఆ గీత చెదిరితే పట్టుకుంటున్నాను.

అనుమానం పక్షి
నిజాయితీగా రాశావు. మరి అక్క కట్టుకుందా?

సోల్డరింగ్ పొగ
కట్టుకుంది. రెండు రోజుల్లో విప్పేసింది. ‘నాకు ఉత్తరంతో పనేముంది? నేనేమైనా ఓడనా?’ అంది. తర్వాత తనే ఒక బటన్ అడిగింది. తలుపులోంచి లోపలికి రాగానే బటన్ నొక్కితే, తను వచ్చిన దిక్కును బెల్టు గుర్తుపెట్టుకోవాలి. అడిగినప్పుడే, అంటే ఇంకోసారి నొక్కినప్పుడే, మూడు పోట్లు ఆ వైపు ఇవ్వాలి. మిగతా సమయమంతా నోరుమూసుకుని ఉండాలి. ఒక సాయంత్రంలో మార్చేశాను. బటన్ పెట్టాక విప్పడం లేదు.

చిక్కల్లా ఇనుప బీరువాల పక్కన నిలబడితే దిక్కు తిరిగిపోతోంది. దీనికేం చేయాలి?

పాత బ్యాటరీ
ఎంత తిరిగావో కొలిచే జైరోస్కోప్ కలుపు. ఒక మనిషి హాల్లో నిలబడే కొద్ది నిమిషాలకు జైరో తప్పు పెద్దగా పేరుకోదు. అయస్కాంత బలం మామూలుకన్నా ఒక్కసారిగా మారితే ఆ క్షణం మాగ్నెటోమీటర్ మాట వినకు, జైరో మాట విను.

తెల్లకర్ర
బటన్ ఆలోచన నా బీరువాలోని మూడింటిలో దేనికీ లేదు. తమ్ముడూ, మీ అక్కగారికి ఇబ్బంది లేకపోతే ఒక ప్రశ్న: తలుపు నుంచి నేరుగా కాక మూల తిరిగి లోపలికి వెళ్తే? బెల్టు చెప్పేది దిక్కే గానీ దారి కాదు కదా. అప్పుడేం చేస్తున్నారు?

సోల్డరింగ్ పొగ
నేను అక్కని, వీడి అకౌంట్లోంచే రాస్తున్నాను. మూల దగ్గర ఇంకోసారి నొక్కుతాను. రెండు మూలలు దాటితే కర్రే. వీడు రాసినదాంట్లో ఒక తప్పుంది. రెండు రోజుల్లో విప్పేసింది ఉత్తరం నచ్చక కాదు, ఎడమవైపు మూడో మోటారు కదిలి లోపల గుచ్చుకుంటోంది. ఆ సంగతి వారం నుంచి చెబుతున్నాను. ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.